రాయి వెనక నుంచి తీసిన ఫోటో

బుధవారం, పొద్దున ఏడుంబావు. రెండువేల తొమ్మిది, ఇప్పపూలు రాలే రోజులు. మా అక్క పోడుచేను గట్టు మీద నిలబడి నేను నెత్తి కొట్టుకుంటున్నాను. టైము ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, మా పెద్దల్లుడు అప్పుడే చేతి గడియారం చూసుకొని, "వెలుతురు ఇంకా తయారు కాలేదత్తా, ఎనిమిదింటికి మొదలువెడ్దాం" అన్నాడు. ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. ఈయనకు వెలుతురు తయారు కాలేదట.

చేను సంగతి ముందు చెప్పాలి. చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే దారిలో మా ఊరు. మా ఇళ్లలో మాట్లాడే భాష వేరు. ఆ రోజు సగం మాటలు అందులోనే నడిచాయి, ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను. మా అక్క, ఆమె మొగుడు కలిసి తుప్పలు కొట్టి, రాళ్లు ఏరి, గట్లు పోసి చేసిన మూడెకరాల ముక్క అది. కాగితమంటూ ఏదీ లేదు. ఆమె మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజుల్లో పోడు భూములకు పట్టాలు ఇస్తున్నారు. సాగు పాతదని చూపించుకుంటే చేను అక్కది. చూపించుకోలేకపోతే ఫారెస్టు వాళ్లు అడవి హద్దుకు తవ్విన కందకాన్ని ఇంకాస్త ఇవతలికి జరిపి మొక్కలు నాటుతారు. పక్క చేనుకు అప్పటికే అలా అయింది. ఆ చేను గల ముసలాయన, వరసకు మాకు మామ, పొద్దునే వచ్చి మా అక్క గట్టు మీద కూర్చొని బీడీ తాగుతున్నాడు. తన గట్టు మీద కూర్చుందామంటే ఆయనకు గట్టు లేదు.

అక్క ఒకసారి అప్పటికే పని చెడగొట్టింది. చేనులో దిగిన ఫోటో కావాలని ఆఫీసులో చెబితే, ఈమె చండ్రుగొండ పోయి, స్టూడియోలో పరదా ముందు నిలబడి దిగి వచ్చింది. పరదా మీద జలపాతం, రెండు హంసలు. సర్వే సారు ఆ ఫోటో చూసి, "అవ్వా, ఇంత నీళ్లున్న భూమి మన మండలంలో యాడున్నది?" అని పక్కన పెట్టేశాడు. నాతో ఒక మాటైనా చెప్పకుండా పోయింది. అడిగితే, "చేను ఫోటో అంటే చేను గల మనిషి ఫోటో అనుకున్న" అంది.

తర్వాత సారే చేనుకు వచ్చి కొలతలు చూసుకున్నాడు. అప్పుడు ఆయన కంట్లో పడింది రాయి. మా వాళ్లలో మనిషి పోయాక ఆ మనిషి పేరున ఒక నిలువురాయి పాతుతారు. అందరివీ ఊరి దగ్గర ఒక్కచోటే ఉంటాయి. అక్క మాత్రం పట్టుబట్టి, ఆయన రాయి ఆయన చేసిన చేనులోనే ఉండాలని ఇక్కడ పాతించింది. సారు ఆ రాయి చుట్టూ తిరిగి, పట్టిన పాచి చూసి, "గిది మంచి గుర్తు. ఎన్నేండ్లదో చూస్తేనే తెలుస్తున్నది. రాయి, నువ్వు, చేను, మూడూ ఒక్క ఫోటోలో రావాలె. బుధవారం సాయంత్రం నాలుగింటి లోపల ఆఫీసుల ఇయ్యి. తెల్లారి కాగితాల కట్టలు భద్రాచలం పోతయ్. పోయినంక నన్నడిగితే లాభం లేదు" అని చెప్పి పోయాడు.

మళ్లీ స్టూడియో పాలు కాకుండా ఈసారి నేనే పూనుకున్నాను. మా ఇంట్లో రెండు కెమెరాలు ఉన్నాయి. అదే నా ఖర్మ.

ఒకటి పెద్దల్లుడిది. బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. అక్కడ రిటైరైన ఒక ఆఫీసరు సామాన్లు అమ్ముకొని పోతుంటే కొనుక్కున్నాడు. నల్లగా, ఇనుప తాళం కప్పంత బరువుగా, చూస్తే మా చిన్నప్పటి రీలు కెమెరాలా ఉంటుంది. కానీ రీలు లేదు, కార్డే. రీలు లేకపోయినా ఫోటో ఫోటోకు బొటనవేలితో ఒక మీట లాగాలి. "రీలే లేనప్పుడు లాగేది దేన్నయ్యా?" అని అడిగాను. "లోపల షట్టరు బిగుసుకోవాలత్తా" అన్నాడు. వెనక చిన్న తెర ఉంది, దాన్ని ఈయన తిప్పి బోర్లా మూసేసి పెట్టుకుంటాడు. తీసిన ఫోటో అప్పటికప్పుడు చూసుకోవడం తక్కువతనమని ఈయన అభిప్రాయం.

రెండోది నా చిన్నబిడ్డది. భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. దాని కెమెరా సబ్బుపెట్టె అంత, జేబులో పడుతుంది. నొక్కగానే గుయ్యిమని ముక్కు బయటికి వస్తుంది. వెనకంతా తెరే. మనిషి కనపడితే తీస్తుంది, మేక కనపడితే తీస్తుంది, అన్నం తినేముందు అన్నాన్ని తీస్తుంది. బావ కెమెరా అంటే దానికి నవ్వులాట, మరదలి కెమెరా అంటే ఆయనకు చిన్నచూపు. రెంటినీ రమ్మన్నది నేనే. ఒకటి చెడితే ఒకటుంటుందని అనుకున్నాను.

ఇక ఆ పొద్దున. అల్లుడు వెలుతురు కోసం చూస్తున్నాడు సరే, నేను రాయి దిక్కు చూశాను. రాయి తళతళలాడుతోంది. పాచి లేదు, మట్టి లేదు. నిలువెల్లా పసుపు, పైన బొట్లు, మెడలో బంతిపూల దండ. నిన్న తెచ్చి పాతినట్టుంది.

"అక్కా, ఏం చేసినవే?"

"రాత్రే కొబ్బరిపీచు వెట్టి తోమిన చెల్లె. ఫోటో దిగేటాయన, మట్టి మొగంతోని దిగుతడా?"

"ఆ మట్టి కోసమే గదనే ఫోటో! పాతదని కనవడాలె. కొత్తగ పాతి మోసం జేస్తున్నరంటే ఏం చెప్తవ్?"

"ఎవడంటడు? అన్నోని పండ్లు రాలగొడ్త. ఆయన పోయిన ఏడు నీకు తెల్వదా? ఊరందరికి తెల్వదా?"

"భద్రాచలంల కూసున్న సారుకు తెల్వాలె గదా!"

గట్టు మీద మామ బీడీ పొగ వదిలి, "పోనీ తియ్యే, బతికున్నప్పుడు కూడా గంత మంచిగ తానం చేసిండో లేదో" అన్నాడు.

అక్క ఆయన మీదికి మట్టిబెడ్డ విసిరింది. మా చిన్నది ఆ విసరడాన్ని ఫోటో తీసింది.

కోపం దిగమింగి, ఏదో ఒకటి కానీ అని దానికే ముందు చెప్పాను. "నువ్వే తియ్యవే, జల్దీ అయిపోతది." అక్కను రాయి పక్కన నిలబెట్టాం. చిన్నది నొక్కింది. నొక్కాక ఆ సబ్బుపెట్టె కాసేపు ఆలోచిస్తుంది. దానికి మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలట. ఆ ఆలోచన అయ్యేలోపు అక్క మేకను అదిలించడానికి తిరిగింది. ఫోటోలో రాయి, మేక, అక్క కొంగు. మళ్లీ తీసింది. అక్క కళ్లు మూసుకుంది. మళ్లీ తీసింది. అంత ఎండలో తనంతట తానే లైటు వెలిగించుకుంది కెమెరా. పసుపు మీద ఆ లైటు పడి రాయి పెళ్లికొడుకులా మెరిసింది.

"ఎంత మంచిగొచ్చిండు పెదనాన్న!" అని చిన్నది మురిసింది.

"ఆ మంచిగొచ్చుడే మనకు వద్దన్న" అన్నాను.

అప్పుడు దాని కెమెరా చచ్చిపోయింది. పొద్దున ఇంట్లో లేచినప్పటి నుంచి కోళ్లను, పొయ్యిని, నేను పండ్లు తోముకోవడాన్ని తీస్తూనే ఉంది మరి. సంచిలోంచి వేరే సెల్లులు తీసి వేసింది. లేచి కూర్చున్న కెమెరాతో ఇంకో ఫోటో తీసి నాకు చూపించింది. మూలకు ఎర్రటి అంకెలు పడ్డాయి. నేను అక్షరాలు, అంకెలు నేర్చుకున్నది నలభై దాటాక, రాత్రిబడిలో. అందుకే ఎక్కడ రాత కనపడినా వదలను, పూర్తిగా చదివేదాకా ఊరుకోను. చదివాను. తారీఖు. సంవత్సరం మాత్రం నాలుగేళ్ల కిందటిది.

"ఇదేందే?"

"సెల్లులు మార్చితే టైము మొదటికొస్తది అమ్మా. మర్చిపోయిన." అని, గొంతు తగ్గించి, "అమ్మా, పోనీయ్. పాత సంవత్సరం పడుడు మనకే మంచిది గదా?" అంది.

అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. "అవ్, మంచిది! ఉండనియ్ చెల్లె. ఇంకా పాతది వడ్తదేమో చూడుమను."

"నీకు బుద్ధున్నదానే?" అన్నాను. "నీ ఒంటి మీద చీర మొన్న పండక్కి తెచ్చింది. దండలో బంతిపూలు నిన్న కోసినయ్. సారు ఈ రాయి దగ్గరికి వచ్చిపోయి వారం కూడా కాలేదు. దొంగ తారీఖు పడ్డదని ఒక్కడు చూసిండంటే నిజం జెప్పినా ఎవ్వరు నమ్మరు. ఉన్న నిజం కూడా పోతది."

"మరి తారీఖు తీసెయ్యి" అన్నాను చిన్నదానితో. అది మీటలన్నీ నొక్కింది. భాష మారింది. ఫోటోలు గులాబీ రంగులోకి మారాయి. అంకెలు మాత్రం పోలేదు. కొనుక్కొని ఏడాదవుతోంది, దాని పొట్టలో ఏముందో దీనికి తెలియదు. చూసే తెర అంత పెద్దగా ఉండగా, చూడాల్సినది చూడరు వీళ్లు.

ఇంతసేపూ అల్లుడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఆ శాంతం చూస్తే నాకు ఇంకా మండింది. "ఇప్పుడు వచ్చిందత్తా వెలుతురు" అన్నాడు.

"వచ్చింది గదా, కానియ్యి."

ఆయన కెమెరాకు దగ్గరకు లాగే ముక్కు లేదు. దగ్గరగా కావాలంటే మనిషే పోవాలి, దూరంగా కావాలంటే మనిషే వెనక్కి నడవాలి. నడిచాడు, చూశాడు, మళ్లీ నడిచాడు. ముందర ఒక గాజుకన్ను ఉంటే, చూసే కిటికీ పక్కకు వేరే ఉంది. "దీంట్ల ఏముంటది, ఓసారి చూడనియ్యి" అని నేను లాక్కొని కన్ను పెట్టాను. కిటికీ నడుమ అక్క ఇద్దరుగా కనపడింది. ఒక అక్క పక్కన నీడలాంటి ఇంకో అక్క.

"ఇద్దరున్నరేందయ్యా?"

"ముందరున్న చక్రం తిప్పాలత్తా. ఇద్దరు ఒక్కటైనప్పుడు ఫోటో మసక లేకుండ వస్తది."

"ఒక్కదానితోనే ఏగలేక సస్తున్న" అని తిరిగి ఇచ్చేశాను.

తిప్పాడు. మీట లాగాడు. ఊపిరి బిగబట్టాడు. టక్. మళ్లీ మీట. మళ్లీ ఊపిరి. టక్. అక్క కట్టెలా నిలబడింది. ఎండ పెరుగుతోంది. ఇలా ఎంతోసేపు తీసి, తృప్తిగా కెమెరా మెడకు వేసుకొని, "అయిపోయిందత్తా. ఒక్కోటి ఒక్కో తీరు తీసిన" అన్నాడు.

"ఓసారి చూపియ్యి బావా" అంది చిన్నది.

"ఇది చూసుకుంట తీసే కెమెరా కాదు."

"చూపియ్యకుంటే ఆఫీసుల ఏం చూపిస్తం? తిప్పు తెర."

అయిష్టంగా తిప్పాడు. నలుపు. రెండోది, నలుపు. మూడోది, నలుపు. చిన్నది తెర మీదికి వంగి, "పెద్దమ్మేది బావా? బొగ్గుబాయిల దిగినాదా?" అంది. తర్వాత దాని నవ్వు అడవంతా వినపడింది. గాజుకన్ను మీద మూత అలాగే ఉంది. కిటికీ వేరే గనక ఈయనకు లోకమంతా చక్కగా కనపడింది. కెమెరాకు మాత్రం ఏమీ కనపడలేదు. ఆ సబ్బుపెట్టె అయితే మూత తానే తీసుకుంటుంది. ఇంత తయారీ, ఇంత ఊపిరి బిగబట్టడం, మూత తీయని ఫోటోల కోసం!

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అల్లుణ్ణి అత్త అలా తిట్టకూడదు. గట్టు మీది మామ, "పోనీ పిల్లా, నా చేను పోయినప్పుడు నాకు ఒక్క కెమెరా లేకపాయె. నీకు రెండున్నా అంతే" అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడు. అక్క మాత్రం దండ సర్దుతున్న చెయ్యి ఆపేసింది. అప్పటిదాకా నవ్వులాటగానే ఉన్నది ఆమె. "చెల్లె, ఈ చేను పోతే ఈయనను యాడికి తీస్కపోవాలె?" అంది. పాతిన రాయిని పెకిలించి ఇంకోచోట పెట్టడం మాలో లేదు.

కోపంతో, ఎండతో కళ్లు తిరిగి, నీడలో కూర్చుందామని రాయి వెనక్కి పోయాను. కూర్చొని తలెత్తి చూస్తే, రాయి వెనక పాచి ఉన్నది ఉన్నట్టే ఉంది. కింద నుంచి సగం దాకా చెదలమట్టి ఎక్కింది. పక్కనున్న ఇప్పచెట్టు వేరు ఒకటి రాయి మొదలును అదుముకొని, దాని ఆకారానికి వంగి పెరిగింది. నిన్న పాతిన రాయికి వేరు అలా వంగదు.

"అక్కా, ఈడ తోమలేదేందే?"

"ఫోటోలో ఈపు రాదు గదా!"

మొదటిసారి ఆమె తెలివితక్కువకు దండం పెట్టాలనిపించింది. "అయితే ఈపే తీద్దాం. నువ్వు అవుతల నిలబడి, రాయి నెత్తిన చెయ్యేసి, ఇటు చూడు. నీ మొగం, ఆయన ఈపు, మీ వెనక చేను."

"ఆయన ఈపు ఫోటో తీస్తరా? ఏం మర్యాదనే అది?"

"మర్యాద కావాల్నా, చేను కావాల్నా?"

అక్క రాయి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "తియ్యిరి. బతికున్నన్నాళ్లు ఏం అడిగినా ఈపే తిప్పిండు. ఇప్పుడు కొత్తనా" అంది. మామకు నవ్వుతో పొరపోయింది.

ఇటు నుంచి తీస్తే సూర్యుడు ఎదురు. చిన్నది సబ్బుపెట్టెతో ప్రయత్నించింది. లైటు వెలిగితే పాచి తెల్లగా పాలిపోయింది, లైటు వెలగకపోతే అక్క ముఖం నల్లబడింది. పైగా ఆ దొంగ అంకెలు. దాన్ని పక్కకు జరగమన్నాను. అల్లుడు వెనక్కి నడవాలి, నడవడానికి చోటు లేదు, వెనక ఫారెస్టు వాళ్ల కందకం. అందులోకి దిగాడు. కందకం అంచు మీద తల, కెమెరా మాత్రమే కనపడుతున్నాయి. మా భూమి మాదని చూపించడానికి వాళ్ల గోతిలో నిలబడాల్సి వచ్చింది.

"మూత!" అని అరిచాను.

మూత తీసి ఎత్తి చూపించాడు. "నా చేతిల వెయ్యి" అన్నాను. విసిరాడు, పట్టుకొని కొంగున కట్టుకున్నాను.

ఈసారి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎండకు ఇంకేదో సవరించాడు. అక్కకు ఓపిక పోయింది. "ఏందయ్యా, నేను ముసల్దాన్నయి సచ్చినంక తీస్తవా?" అని అరిచింది. అప్పుడు టక్ మంది.

తెర నేనే తిప్పించాను. వచ్చింది. పాచి మచ్చమచ్చగా తెలుస్తోంది, చెదలమట్టి, వంగిన వేరు, అక్క అరుస్తున్న నోరు, వెనక గట్లు, అన్నీ ఉన్నాయి. రంగు మాత్రం లేదు.

"రంగేది బావా?" అంది చిన్నది. "పెద్దమ్మ చీర ఏం కనవడ్తది?"

"పసుపు కొట్టొచ్చినట్టు కనవడొద్దని నలుపు తెలుపుల వెట్టిన" అన్నాడు ఆయన, ఆ పొద్దున మొదటిసారి అవసరమైన పని చేసి.

"చీరకు పట్టా ఇస్తలేరు" అన్నాను చిన్నదానితో.

ఇప్పటికీ ఇంట్లో ఏ కెమెరా మంచిదని వాళ్లిద్దరూ వాదించుకుంటారు, తీర్పు నన్ను అడుగుతారు. రెండూ మంచివి కావు. ఒకటి మనం చెప్పకముందే తనకు తోచింది చేస్తుంది. ఇంకొకటి మనం చెప్పిందే చేస్తుంది, మూత పెట్టి నొక్కితే చీకటినే తీస్తుంది. పని పడితే ఏది అడుగుతానంటే మాత్రం, ఆ నల్లదాన్నే అడుగుతాను. మూత నా కొంగున ఉండాలి.

చండ్రుగొండ దుకాణంలో ఫోటో కడిగించేసరికి మధ్యాహ్నం దాటింది. గట్టు మీది మామ కూడా వస్తానంటే వద్దన్నాను. అక్క, నేను, అల్లుడు, చిన్నది ఆఫీసుకు చేరేసరికి సారు బీరువాకు తాళం వేస్తున్నాడు. ఫోటో చూసి, "అవ్వ ఎవరిని తిడుతున్నది?" అన్నాడు.

"మా అల్లుణ్ణి."

"వెనక నుంచి ఎందుకు తీసిండ్రు?"

నాకు చుట్టు తిప్పి చెప్పడం రాదు. "ముందర మా అక్క తోమి పసుపు పూసింది సారూ. కొత్త రాయంటరని వెనక నుంచి తీసినం. నమ్మకపోతే మళ్లొచ్చి చూడుండ్రి" అన్నాను. చిన్నది నా చెయ్యి గిల్లింది.

సారు ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఆ వేరును వేలితో తడిమి చూశాడు. "రేపు పైన నన్ను అడిగితే జవాబుండాలె. ఎప్పుడు తీసిండ్రో, ఎవరెవరున్నరో వెనక రాసియ్యిరి" అన్నాడు. అల్లుడు పెన్ను తీశాడు. నేను లాక్కున్నాను. నా రాత మెల్లగా నడుస్తుంది, సారు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

రాసింది చదివి వినిపించమంది అక్క. చదివాను. "ఆయనను రాయలేదేంది?" అంది.

"సచ్చిపోయినాయన ఎట్లుంటడమ్మా?" అన్నాడు సారు.

"మరి చేయి దేని మీద వేసిన సారూ? ఆయన లేకుంటే ఆ చేనెవరు జేసిండ్రు?"

ఖాళీ ఎక్కడుందని నేను వెతుక్కొని ఆయనను పై వరసలో ఇరికించాను.

పట్టా ఆ వానాకాలం పోయాక వచ్చింది. కందకం పక్కనున్న ముక్కను తగ్గించి ఇచ్చారు. దాని కోసం అక్క ఇప్పటికీ తిడుతూనే ఉంది. రాయి ఉన్న మడి మాత్రం మాదే.

ఫోటో వెనక ఆ రోజు నేను రాసింది ఇది. బుధవారం పొద్దున, చేనులో తీసినది. అక్కడున్న వాళ్లు: చేను చేసిన మా అక్క పెనిమిటి, రాయిగా. ఆయన భార్య, మా అక్క. ఫోటో తీసిన నా పెద్దల్లుడు, బొగ్గుబాయిలో పంపు నడుపుతాడు. నా చిన్నబిడ్డ, దవాఖానాలో నర్సు. చేను పోయిన పక్క చేను మామ. ఇది రాసిన నేను, అక్కకు చెల్లెను.